మగ్గాలు ఆగే వేళ

పత్రికలో పుకార్ల శీర్షిక రాసే ఒకాయన రోజూ పొద్దున అవే కబుర్లు తన గొంతుతో రికార్డు చేసి అందరి ఫోన్లకూ పంపేవాడు. పేర్లు చెప్పడు, ఆనవాళ్లు మాత్రం చెప్తాడు. నాకు ఆ గొంతు వింటేనే ఒళ్లు మండేది. ధర్మవరంలో మా వీధంతా మాత్రం మగ్గాలు ఆపి మరీ వినేది. ఎవరింటి మగ్గం ఆగకపోతే ఆయన చెప్పేది ఆ ఇంటి గురించేనని, వాళ్లు వినలేక నేస్తున్నారని అందరి నమ్మకం.

ఆరోజు ఆయన, "ధర్మవరంలో ఒక నేతగాడి కూతురు హిందూపురంలో మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి చేరిందట" అన్నాడు. మా అక్క వచ్చి అప్పటికి వారమైంది. నాయన వినపడనట్టు నేస్తూనే ఉన్నాడు.

"ఆపయ్యా! మన గురించేనని తెలిసిపోతాది" అంది అమ్మ గొంతు తగ్గించి.

నాయన చేయి ఆగింది. ఏ ఇంట్లో చప్పుడవుతుందా అని వీధి వీధంతా చెవులు రిక్కించింది.

లోపలి నుంచి అక్క వచ్చింది. నాయనను లేవమని తానే మగ్గంలో కూర్చుని నేయడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తాండావే?" అమ్మ అక్క చేయి పట్టుకోబోయింది.

"ఫోన్లో ఆయప్ప నా పేరు చెప్పలేదు కదమ్మా, నేను చెప్తాండా" అంది అక్క, చేయి ఆపకుండా.