పగటి నిద్రలో అచ్చాయమ్మ

మా పేటలో అచ్చాయమ్మ నిద్రలో నడుస్తుంది. అదీ పట్టపగలు, రెండు కళ్ళూ కొరమీనులా తెరిచి.

ఇదంతా నాటకంతో వచ్చింది. ఇంటికొచ్చిన రాజును చంపించిన ఒక రాణి, చేసిన పాపం వెంటాడి, నిద్రలో లేచి, చేతికి నెత్తురు మరక ఉందనుకుని చేతులు రుద్దుకుంటూ తిరుగుతుంది. రావులపాలెం పోటీలో మా మహిళా సంఘం ఆ ఒక్క సీనే ఆడాలనుకుంది. నేర్పడానికొచ్చిన ప్రసన్నకుమార్ మాస్టారు రాణి వేషం చేపలమ్మే అచ్చాయమ్మకిచ్చి, నాకు దీపం పట్టుకునే దాసీ వేషం ఇచ్చారు. ఇంగ్లీషొక్కటే పోయింది గానీ పదో తరగతి దాకా చదివిన నేను దాసీనా? ఆ రోజు నా కడుపులో రేగిన మంట మీద అన్నవరం ప్రసాదం మొత్తం వండొచ్చు.

ఇక ఆవిడ ప్రాక్టీసు మొదలైంది. రేషన్ షాపు దగ్గర నిద్రలో నడుస్తూ వెళ్ళి అందరికన్నా ముందు నిలబడేది. నిద్రలో నడిచేవాళ్ళని లేపితే ప్రాణం పోతుందని ఎవరూ పలకరించేవారు కాదు. ఓసారి మా వంటింట్లోకొచ్చి పులుసు గిన్నె పట్టుకుపోయింది. సాయంత్రం వెళ్ళి నిలదీశాను.

"ఏంటొదినా, మా పులుసు?"

"నిద్రలో ఉన్నానే సత్యవాణీ. ఉప్పు మాత్రం చాల్లేదు."

పైగా పేటంతా ఆవిడ నటన గురించే. ఆ కుళ్ళుతోనే ఆవిడ డైలాగులన్నీ బట్టీ పట్టేశాను. ఆ ఊపులో సామర్లకోటలో ఉన్న మా అత్తగారు రత్తమ్మకు ఫోన్ చేసి, రాణిని నేనేనని చెప్పేశాను. పెళ్ళైన దగ్గర్నుంచీ నా కాఫీని కూడా మెచ్చుకోని మనిషి, పోటీ రోజున ఆటో నిండా చుట్టాలను వేసుకుని దిగింది. తిన్నగా మేకప్ గదిలోకే వచ్చింది.

"ఏమ్మా, మా కోడలి కిరీటం నీ నెత్తినుందేంటి?"

అచ్చాయమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. నేను చేతిలో దీపం వెనక్కి దాచుకున్నాను.

"మీ కోడలికి బిగుతుగా ఉందంటండి. వదులు చేస్తున్నాను."

తెర లేచే ముందు కిరీటం నా నెత్తిన పెట్టి, నా చేతిలో దీపం లాక్కుని, కళ్ళు తెరిచిన ఆ నిద్రలోనే స్టేజీ మీదికి నడిచిపోయింది. మాస్టారు పక్కనుంచి చేతులూపుతున్నారు, పిలుస్తున్నారు. నిద్రలో ఉన్న మనిషికి వినబడుతుందా?

నేనూ వెళ్ళక తప్పలేదు. ముందు వరసలో అత్తగారు. ఆడిన అబద్ధం గుర్తొచ్చి నా చేతులు వాటంతటవే రుద్దుకోవడం మొదలెట్టాయి. ఎన్ని నీళ్ళు పోసినా ఈ మరక వదలదేం అని నేను ఏడుస్తుంటే, అచ్చాయమ్మ దీపం పట్టుకుని, ఒక్క మాటా లేకుండా, నన్నే చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

దిగి రాగానే అత్తగారు నా గడ్డం పట్టుకుని బాగానే చేశావంది. ఆవిడ నోట ఆ మాట పుట్టడం అదే మొదలు. నేను అచ్చాయమ్మను పక్కకు లాగి, వేషం ఎందుకిచ్చేశావని అడిగాను.

"ఏం వేషం? నేను నిద్రలో ఉన్నానే," అంది ఆవలిస్తూ.

గట్టిగా కౌగిలించుకోబోయాను. సరిగ్గా అప్పుడే మైకులో ప్రైజులు చదివారు. ఉత్తమ నటి, దాసీ వేషం వేసిన అచ్చాయమ్మ అట.

అసలా దాసీ వేషం నాది.