బుట్టబండి ఎక్కిన ఖుద్దూస్

బందరులో ఖుద్దూస్ ఎక్కని దీపస్తంభం లేదు. మునిసిపాలిటీలో వీధి దీపాల పనివాడు, ఇరవై రెండేళ్లుగా వెదురు నిచ్చెన భుజాన వేసుకుని తిరిగిన మనిషి. పైకి చేరగానే నడుముకున్న బెల్టును స్తంభం చుట్టూ తిప్పి కొక్కెం బిగించడం అతనికి రెప్ప వేసినంత అలవాటు. అయితే రెండేళ్లుగా ఎడమ మోకాలు మొరాయిస్తోంది. భార్య సాబిరాకి కూడా చెప్పలేదు. ఆఫీసులో తెలిస్తే సామాన్ల గది తాళాలు చేతిలో పెట్టి కూర్చోబెడతారని భయం. స్తంభం ఎక్కని ఖుద్దూస్ ఎవరికి కావాలని బెంగ.

2003లో ఊరికి బుట్టబండి వచ్చింది. లారీ మీద మడతపడే ఇనుప చెయ్యి, దాని చివర మనిషి నిలబడే బుట్ట. నడిపేవాడు గుడివాడ కాంతారావు, విశాఖలో ఇలాంటివే నడిపి వచ్చాడు.

"కత్తెరలా విచ్చుకుని నిట్టనిలువుగా లేచేవీ ఉంటాయి భాయ్. గోడౌన్లలో కప్పు పనికి అవి మేలు. తీగలూ కొమ్మలూ తప్పించుకుని పక్కకి వంగాలంటే మాత్రం ఇదే" అన్నాడు.

ఖుద్దూస్‌కి ఆ శాస్త్రమంతా ఎందుకు? మెట్లు లేవు, అదే పదివేలు. పళ్లు బిగబట్టి మోకాలు వంచి, పెళ్లికొడుకులా బుట్టలోకి చేరాడు.

కోనేరు సెంటర్లో మొదటి దీపం. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. బల్బు మార్చి, దించమని చెయ్యి ఊపాడు. బుట్ట దిగింది, ఖుద్దూస్ దిగలేదు. బెల్టు స్తంభానికే కట్టి ఉంది. కాళ్ల కింద బుట్ట జారిపోతుంటే "ఆపు, ఆపు" అని అరిచాడు. కాంతారావు ఆపి, మెల్లగా బుట్టను మళ్లీ పైకి లేపాడు.

ఖుద్దూస్ కొక్కెం విప్పుకుని బుట్టతో పాటు కిందికి వచ్చాడు. ఇంత అనుభవమూ బూడిదలో పోసినట్టయిందని సిగ్గుతో చచ్చిపోయాడు.

"నిచ్చెన మీద మనల్ని కాసేది స్తంభం. ఇక్కడ బుట్ట కదిలితే మనమూ కదలాలి, కొక్కెం బుట్టలో రింగుకే వెయ్యాలి. మొదటి వారం నేనూ ఇదే చేశాను లెండి" అన్నాడు కాంతారావు. అతని ఎడమకాలి వైపు చూసి అడిగాడు. "మోకాలు ఎన్నాళ్ల నుంచి?"

ఖుద్దూస్ గతుక్కుమన్నాడు. "రెండేళ్లు. పైవాళ్లకి చెప్తారా?"

"మీరే చెప్పండి. చెప్పి, బుట్టలో పని మీకే కావాలని అడగండి."

మర్నాడు మునిసిపల్ ఇంజనీరు గోవర్ధనరావు గారి బల్ల ముందు నిలబడ్డాడు.

"నా ఎడమ మోకాలు సరిగా వంగదండీ. బుట్టలో పని మాత్రం నాకే ఇవ్వండి."

ఆయన రాస్తున్నది ఆపి తలెత్తాడు. "నిరుడు నీ నడక చూసే కదయ్యా, బండి కావాలని పైకి రాసింది" అన్నాడు.