పసుపు వేసిన రేడియేటర్

ఉద్యోగంలో నా చివరి పోస్టింగు పటాన్‌చెరు. కరోనా తగ్గిన తర్వాతి ఎండాకాలం ఒక పంపుల ఫ్యాక్టరీలో వాహనాల తనిఖీ అధికారిగా చేరాను. సరుకుతో బయటికి వెళ్లే ప్రతి లారీకీ 'ఫిట్' అని నేను సంతకం పెడితేనే గేటు తెరుస్తారు. బయట నన్నెవరూ లెక్కచేయరు గాని, ఆ గేటు దగ్గర నేనే కలెక్టరును.

కొండాపూర్ మల్లేశానిది పాత లారీ. ఓనరూ తనే, డ్రైవరూ తనే. దాని మీదే ఇల్లు గడుస్తుంది. పాత బండ్లన్నీ తీసేయాలని డిస్పాచ్ మేనేజరు పట్టుబట్టాడు. ఈసారి సోలాపూర్ లోడు ఆలస్యమైతే ఇక రానక్కర్లేదని మల్లేశానికి ముందే చెప్పేశాడు.

ఆ ఉదయం లోడెక్కాక రేడియేటర్ కింద నీటి చుక్కలు కనబడ్డాయి. కింది ట్యాంకుకు గొట్టం తగిలే చోట ఎల్బో అనే ఇత్తడి వంపుముక్క ఉంటుంది, కారేది అక్కడే. నేను టీ తాగి వచ్చేసరికి ఆగిపోయింది. ఇంజను నడిపి చూసినా పొడిగానే ఉంది. మేనేజరు తొందర పెడుతున్నాడు. పెన్ను తీశాను.

మల్లేశం చెయ్యి అడ్డం పెట్టాడు. "సంతకం వెట్టకుర్రి సార్. రేడియేటర్ల పసుపేసిన. జహీరాబాద్ దాంక ఫికర్ లేదు. అవతల నాకే నమ్మకం లేదు."

పసుపు లారీవాళ్ల పాత చిట్కా. పిడికెడు వేస్తే కారే సందు మూసుకుంటుంది. లోపలి సన్నగొట్టాలూ మూసుకుంటాయి. ఆ ఎండలో, ఆ లోడుతో పోతే నీళ్లు తిరగక ఇంజను కాగిపోయి బిగుసుకుపోతుంది.

మేనేజరు మండిపడ్డాడు. "ఇగ నీ బండి తీస్కపో" అన్నాడు. మల్లేశం మొహం వాడిపోయింది, మాట మాత్రం మార్చలేదు. అబ్బ, ఏం మనిషి అనుకున్నాను. నోరు మూసుకుంటే గేటు దాటేవాడే!

మేనేజరు మీద నాకు ఒళ్లు మండింది. లోడు దించి వేరే బండికి ఎక్కించేలోపు దీన్నే బాగుచేసి పంపుతానని మేనేజరుకు గట్టిగానే చెప్పాను.

ఇంజను చల్లారనిచ్చి, తేటనీళ్లు వచ్చేదాకా రేడియేటర్ కడిగాం. ఎల్బోను చాలామంది ఒకే పానాతో బలంకొద్దీ తిప్పుతారు. ట్యాంకు రేకు మెలితిరిగి టంకం ఊడిపోతుంది. మల్లేశం ట్యాంకు వైపు నట్టును ఒక పానాతో కదలకుండా పట్టాడు, నేను ఇంకో పానాతో ఎల్బో విప్పాను. మరలు గీకి శుభ్రం చేసి, నీరు కారకుండా సఫేదా అనే తెల్లటి ముద్ద రాసి, బిగిసే దిక్కుకే నూలుదారం చుట్టి మళ్లీ ఎక్కించాం. కింద అట్టముక్క వేసి, ఇంజను బాగా వేడెక్కేదాకా చూశాం. ఒక్క మచ్చ పడలేదు. అప్పుడు సంతకం పెట్టాను.

సరుకు ఆలస్యంగానే చేరింది. మేనేజరు అన్నంత పనీ చేయబోయాడు. నేను పైవాళ్ల దగ్గర వాదించి మల్లేశం బండిని నిలబెట్టాను.

ఆ తర్వాత మిగతా డ్రైవర్లు వాళ్లంతట వాళ్లే రావడం మొదలైంది. ఒకడు బ్రేకు సరిగ్గా పడతలేదన్నాడు, ఇంకొకడు టైరుకు లోపల అతుకేసిన అన్నాడు. నిజం చెప్పినందుకు మల్లేశం బండి పోయి ఉంటే వీళ్లలో ఒక్కడూ నోరు విప్పేవాడు కాదు. తనిఖీ చేసేవాడి కళ్లు ఎంత పదునైనా, లోపల ఏం వేశారో కనబడదు. వేసినవాడే చెప్పాలి.