వనజ ఆపిన కూత

చర్ల అవతలి కోయగూడెంలో వనజ పేరు తెలియనివాళ్లు లేరు. మిరపకాయలు కోసే కూలి మనిషికి అంత పేరు ఎక్కడిదంటే, టీవీ ఇచ్చింది. ఆ ఇచ్చినదాన్ని వదిలించుకోలేక చస్తోంది పాపం.

కూతురు శ్యామల చంకబిడ్డగా ఉన్నప్పుడే వనజ మండలం కబడ్డీ జట్టులో ఆడేది. ఖమ్మంలో ఫైనల్. అక్కడి ఆటల ఛానెల్ వాళ్లు కెమెరాలు పెట్టారు. స్కోరు సమంగా ఉంది. వనజ ఆఖరి కూతకు వెళ్లి అవతలి ముదిగొండ జట్టు పిల్లను తాకింది. కూత ఆపకుండా గీత దాటితే కప్పు వనజ జట్టుదే. పట్టుకోబోయి ఆ పిల్ల బోర్లా పడింది. వనజ ఆగి, కోయ భాషలో, "దెబ్బ తాకిందా?" అని అడిగింది. కూత తెగిందని అంపైర్ ఔటిచ్చాడు, కప్పు పోయింది. కోయ రాని ఆ పిల్లకు తననేం అడిగారో కూడా తెలియలేదు.

ఛానెల్‌కు మాత్రం బాగా తెలిసింది. కొత్త ఆటలు చూపించే స్తోమత లేని ఛానెల్ అది. ఆదివారం నవ్వుల కార్యక్రమంలో ఏళ్లు గడిచినా ఆ ముక్కనే తిప్పితిప్పి వేస్తుంది. కింద ఆమె అడిగినమాటే తెలుగులో పెద్ద అక్షరాలు, వెనక ఎవరివో పగలబడి నవ్వులు. చేలో ఎవరి కాలికి ముల్లు గుచ్చుకున్నా, "వనజక్కా, అడగవా?" అంటారు. ఆమె కూడా నవ్వేస్తుంది. ఏం చేస్తుంది మరి.

అది భద్రాచలం హాస్టల్లో చదివే శ్యామల దాకా పాకినప్పుడు మాత్రం నవ్వలేకపోయింది. పిల్లలు ఏడిపిస్తున్నారని, శ్యామల రోజూ వాళ్లతో కొట్లాడుతోందని, ఇలాగైతే కబడ్డీ జట్టులోంచి తీసేస్తామని వార్డెన్ ఫోన్ చేసింది. నావల్ల బిడ్డ తలెత్తుకోలేకపోతోందని వనజ కుమిలిపోయింది. మర్నాడే కూలి మానుకుని ఖమ్మం బస్సెక్కింది.

ఛానెల్లో కార్యక్రమాల పని చూసుకునే వెంకటకృష్ణ మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు.

"అది తీసెయ్యుండ్రి సార్," అంది వనజ.

"తీసేస్తే ఆ జాగల ఏం వేయాలక్కా? ఒక పని చేద్దాం. అప్పుడు తప్పు చేసిన, ఇప్పుడైతే అడగనని కెమెరాకు చెప్పు. పాతది తీసి ఇదే వేస్త."

అలా అడగడం తప్పని వనజకు ఏనాడూ అనిపించలేదు. కానీ అక్కడ హాస్టల్లో బిడ్డ ఉంది. కెమెరా వైపు చూసి, "తప్పు చేసిన. ఇప్పుడైతే అడగను," అంది.

ఆదివారం రెండూ వేశారు. ముందు పాతది, దాని వెనకే ఇది. నవ్వులు ఇంకాస్త గట్టిగా కలిపారు.

సాయంత్రం శ్యామల ఫోన్ చేసింది.

"అమ్మా, గట్లెందుకన్నవ్?"

"నీకోసమే బిడ్డా. నిన్ను ఏడిపిస్తున్నరని."

"నేను ఎందుకు కొట్లాడిననుకున్నవ్? మా అమ్మ చేసిందే కరెక్టు, మళ్ల ఆడినా గట్లనే అడుగుతదని చెప్పిన. ఇప్పుడు వాళ్లకేం చెప్పాలె?"

వనజ ఏదో అనబోయేలోగా శ్యామల ఫోన్ పెట్టేసింది. పాతది తీసేస్తనన్నరు కద సార్ అని వెంకటకృష్ణకు ఫోన్ చేస్తే, జనానికి తెగ నచ్చిందక్కా అన్నాడు. ఇకనుంచి రెండూ కలిపే వేస్తామని సంతోషంగా చెప్పాడు.