వడ్డించి ఆడిన జట్టు

మా పీడీ సార్ పోయారన్న కబురు బెంగళూరు శివారు అత్తిబెలెలో, నేను పనిచేసే బడి మైదానంలో పిల్లల చేత సున్నం గీతలు వేయిస్తుండగా తెలిసింది. ఫోన్ చేసింది నేను చదివిన కాలేజీలో అమ్మాయిల ఖోఖో జట్టుకు ఇప్పుడు కెప్టెన్‌గా ఉన్న పిల్ల. "అక్కా, పీడీ సార్ లేరంట" అని ఒక్క మాట అంది, తర్వాత ఏడుపే. పొద్దున ప్రాక్టీసుకు రాలేదేమని పిల్లలు ఇంటికి వెళ్తే తెలిసిందట. నిద్రలోనే గుండె ఆగిపోయింది.

నేను నగరం ఇంకో కొసన ఉన్న యలహంక చేరేసరికి మా కాలేజీ గేటుకు అప్పుడే ఫ్లెక్సు కట్టేశారు. మనిషిని ఇంకా ఇంటి నుంచి బయటికి తీసుకురాలేదు, ఫ్లెక్సు మాత్రం వచ్చేసింది. అందులో సార్ ఫోటో ఒక మూల, చైర్మన్ గారి ఫోటో నడిమధ్య. ఎవరు పోయారో తెలియని వాళ్ళు చూస్తే పొరబడేలా ఉంది. కింద పెద్ద అక్షరాలతో, క్రీడల కోసం సర్వస్వం త్యాగం చేసిన మహామనిషి అని కన్నడంలో రాయించారు. ఆ త్యాగం అన్న మాట చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది చదివే మీరు నన్ను క్షమించాలి. పోయిన మనిషి గురించి రాసేటప్పుడు కన్నీళ్ళతో మొదలుపెట్టాలి. నాకు ముందు కోపమే వస్తోంది.

మాది చిన్న డిగ్రీ కాలేజీ. కింద దుకాణాలు, పైన తరగతులు, వెనక ఖోఖో ఆడటానికి సరిపోయేంత ఎర్రమట్టి నేల. అందులోనూ ఒక పక్క మేనేజ్‌మెంటు వారి బస్సులు నిలబెట్టేవారు. సార్ రోజూ అందరికంటే ముందు వచ్చి, బస్సులు వదిలిపోయిన నట్లూ గాజుపెంకులూ ఏరి ఒక డబ్బాలో వేసేవారు. ఫిజికల్ డైరెక్టర్ అన్న పేరే గానీ ఆ నేలకు కాపలా, తోటీ, గురువూ అన్నీ ఆయనే. వాళ్ళ పెద్దలు ఎప్పుడో హిందూపురం వైపు నుంచి వచ్చి యలహంక పాత ఊళ్ళో స్థిరపడ్డారు. ఆఫీసులో కన్నడం, మాతో తెలుగు. ఈలకు బదులు చప్పట్లు కొట్టేవారు. జేబులో ఎప్పుడూ వేయించిన చెనిక్కాయలు, బెల్లం ముక్కలు ఉండేవి. ఓడిపోయిన రోజు ముందుగా ఔటైన పిల్లకే మొదటి పిడికెడు. గెలిచినవాళ్ళకు ఆకలి తెలియదమ్మణ్ణీ, ఓడినదానికే కడుపు కాలతా ఉంటాది అనేవారు.

మేము చేరిన కొత్తలో ఆటకు పెద్ద ఖర్చు ఉండేది కాదు. ఉత్త కాళ్ళతో మట్టిలో ఆడేవాళ్ళం, టోర్నమెంటుకు సిటీ బస్సులో వెళ్ళేవాళ్ళం. తర్వాత ఆట మ్యాట్ మీదికి ఎక్కింది. మ్యాట్ మీద ఆడాలంటే దానికి వేరే బూట్లు. రెండు రంగుల జెర్సీలు లేకపోతే లోపలికి రానివ్వరు. ఎంట్రీ ఫీజు ఏడాదికేడాది పెరిగింది. వేరే జిల్లాలో పోటీ అంటే వ్యాను, బస, అమ్మాయిల వెంట ఒక ఆడ మనిషి. పెద్ద కాలేజీలకు ఇవన్నీ లెక్కలోకి రావు. వాళ్ళ పిల్లలు ఏసీ బస్సులో దిగి, ఫిజియోతో కాళ్ళు పట్టించుకుని వచ్చి ఆడతారు. మేము మట్టిలో ప్రాక్టీసు చేసి నేరుగా మ్యాట్ మీద జారిపడేవాళ్ళం. ఇంతా చేస్తే మా ప్రతి ఒక్కరి ఫీజు రసీదులోనూ, ఆడేవాళ్ళకైనా ఆడనివాళ్ళకైనా, స్పోర్ట్స్ ఫీజు అన్న వరుస తప్పకుండా ఉండేది. సార్ వెళ్ళి అడిగితే మేనేజ్‌మెంటు ఇచ్చేది వ్యానుకు ఒక దారి ఖర్చు. తిరుగు దారి సంగతి గెలిస్తే చూద్దాం అనేవారు.

ఆ తిరుగు దారి కోసమే సార్ మమ్మల్ని ఛత్రాలకు తీసుకెళ్ళారు. బెంగళూరులో పెళ్ళిళ్ళు జరిగే హాలును ఛత్రం అంటాం. సార్ బాల్య స్నేహితుడు ఒకాయన పెళ్ళి వంటల కాంట్రాక్టరు. ముహూర్తాలు ఎక్కువగా ఉన్న నెలల్లో ఆయనకు వడ్డించేవాళ్ళు దొరికేవారు కాదు. ఒక రోజు ప్రాక్టీసు అయ్యాక సార్ మమ్మల్ని కూర్చోబెట్టి విషయం చెప్పారు.

"మనకు ఇచ్చేవాళ్ళు లేరమ్మణ్ణీ. మన కాళ్ళు మన దగ్గర ఉండాయి. ఛత్రంలో వడ్డనకు పోదాం. వంగేది, లేసేది, ఉరికేది, అంతా మన ఆటే గదా."

మాలో కొందరి ఇళ్ళలో గొడవలయ్యాయి. మా అమ్మ అయితే, కాలేజీకి పంపింది ఎంగిలాకుల మధ్య తిరగడానికా అని సార్ ఇంటికే వెళ్ళింది. సార్ భార్య ఆమెకు కాఫీ ఇచ్చి, మా ఆయన కూడా బకెట్ పట్టుకుంటాడులే అక్కా అని చెప్పి పంపింది. అది నిజమే. వేడి సాంబారు బకెట్టు మా చేతికి ఒక్కనాడూ ఇవ్వలేదు. వేడిది నాది అనేవారు. పెసరపప్పు కోసంబరి, పల్యం కూరలు, ఒబ్బట్లనే బొబ్బట్లు, అప్పళాలు మావి. చివరి పంక్తి లేచిపోయి, మేమంతా తిన్న తర్వాతే ఆయన కూర్చునేవారు. అప్పటికి ఒబ్బట్లు అయిపోయేవి, అన్నం చల్లారిపోయేది. మజ్జిగ పోసుకుని తినేవారు.

వడ్డనకు ఆయన పెట్టిన నియమం ఒకటుంది. తల ఎత్తి ఎవరి ముఖమూ చూడకూడదు, ఆకులే చూడాలి. ముఖాలు చూస్తే తెలిసినవాళ్ళు కనబడతారు, సిగ్గు పుడుతుంది, చెయ్యి ఆగిపోతుందని ఆయన లెక్క. మేము అట్లాగే నేర్చుకున్నాం. ఏ ఆకు మీద ఏది అయిపోయిందో చూసుకుంటూ, వంగిన నడుము ఎత్తకుండా ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళిపోయేవాళ్ళం. ఆ కాంట్రాక్టరు మా జట్టు వస్తే పెళ్ళి భోజనాలు అరగంట ముందే ముగుస్తాయని మురిసిపోయేవాడు. వచ్చిన డబ్బుతో మ్యాట్ బూట్లు కొన్నాం, వ్యాను మాట్లాడుకున్నాం. రెండు పెద్ద కాలేజీలను ఓడించి ఫైనల్ దాకా వెళ్ళిన ఏడాది కూడా అదే.

ఇక దాతల కథ వినండి. ఎలక్ట్రానిక్ సిటీ అవతల ప్లాట్లు అమ్మే ఒక కంపెనీ వాళ్ళు జెర్సీలు, ట్రాక్ సూట్లు ఇస్తామని వచ్చారు. వీపు మీద వాళ్ళ పేరు ఉంటే సరే అనుకున్నాం. పేరుతో పాటు, సైటు చూడటానికి వచ్చేవాళ్ళకు ఆదివారాలు జట్టు పిల్లలు గేటు దగ్గర నిలబడి గులాబీలు ఇవ్వాలన్నారు. మా పిల్లలు పని చేస్తారప్పా, నగతా నిలబడే పని చేయరు అని సార్ వాళ్ళను వ్యాను దాకా సాగనంపి వచ్చారు. ఆయన గొంతు పెంచడం నేను చూడలేదు. ఆ రోజు కూడా పెంచలేదు.

ముఖాలు చూడకూడదన్న ఆ నియమమే మా కొంప ముంచింది. ఒక పెళ్ళిలో నేను ఒబ్బట్లు వడ్డిస్తున్నాను. ఒక ఆకు ముందు వంగితే, ఇంకొకటి వెయ్యమ్మా, నెయ్యి కూడా అని తెలిసిన గొంతు వినిపించింది. తల ఎత్తకుండా వేశాను. వెనకే సాంబారుతో వస్తున్న సార్ ఆగిపోయారు. అక్కడ కూర్చున్నది మా చైర్మన్ గారు. మేము ముఖాలు చూసే పిల్లలమైతే ఆ పంక్తి తప్పించి పక్కకు వెళ్ళేవాళ్ళం. చూడలేదు కనుక కాలేజీ జట్టు మొత్తం ఆయన కళ్ళ ముందు వరుసగా వడ్డించుకుంటూ పోయింది. ఏమిటిదని ఆయన అడిగారు, సార్ ఉన్నది చెప్పారు. ఆ పెద్దమనిషికి సిగ్గు వేస్తుందని మీరు అనుకుంటారు. ఆయన పాయసం తాగి, చెయ్యి కడుక్కుని వచ్చి మా భుజాలు తట్టారు. భేష్, పిల్లలంటే ఇట్లా స్వయంకృషి నేర్చుకోవాలి అన్నారు. మేము పొంగిపోయాం. వ్యానులో పాటలు పాడుకుంటూ వచ్చాం.

తర్వాతి ఏడాది ఆ ఒక దారి ఖర్చు కూడా ఆగిపోయింది. మీరే సంపాదించుకుంటున్నారు కదా, ఇక మేమెందుకు అన్నారు. కాలేజీ బ్రోచర్‌లో మాత్రం స్వావలంబన అనే శీర్షిక కింద మా జట్టు ఫోటో వేశారు. రసీదులో స్పోర్ట్స్ ఫీజు వరుస అట్లాగే ఉంది, అంకె మాత్రం కొంచెం లావయింది.

అందుకే త్యాగం అన్న మాట మీద నాకు మంట. త్యాగమంటే మన దగ్గర ఉన్నది మన ఇష్టంతో వదులుకోవడం. ఇక్కడ పిల్లలు కట్టిన డబ్బు వేరేవాళ్ళు వాడుకుంటే, ఆ ఖాళీని ఒక మనిషి తన సెలవులతో, మోకాళ్ళతో పూడ్చాడు. చిన్న కాలేజీలు ఆటలు ఎట్లా నడుపుకోవాలని సభల్లో పెద్దలు మాట్లాడుతుంటే వింటాను. దాతలను వెతకండి, పాత విద్యార్థులను కదపండి, పిల్లల చేత ఏదైనా అమ్మించండి అంటారు. ఉన్న క్రీడల ఫీజు క్రీడలకే ఇవ్వండి అని ఒక్కరూ అనరు.

ఇంత చెప్పాక ఇది కూడా చెప్పాలి. నాకు సార్ మీద కూడా కోపముంది. ఆయన అంత బాగా సర్దకపోతే వాళ్ళు అంత హాయిగా ఎగ్గొట్టేవాళ్ళు కారు. నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి ఆయనతో ఈ మాటే అన్నాను. రసీదు పట్టుకుని వెళ్ళి గట్టిగా అడగవచ్చు కదా సార్ అంటే, జేబులోంచి చెనిక్కాయలు తీసి నా చేతిలో పోశారు. "అడిగితే జట్టునే ఎత్తేస్తారమ్మా. ఆడే పిల్లలు ఈ ఏటికి ఈ ఏడే ఉంటారు. కొట్లాడి గెలిచేలోపల వాళ్ళ చదువు అయిపోతాది." ఆయన భయపడింది తన ఉద్యోగానికి కాదు. అదే నాకు ఇంకా ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

సంతాప సభ కాలేజీ సెమినార్ హాల్లో పెట్టారు. చైర్మన్ గారు బాగానే మాట్లాడారు, గొంతు కూడా రెండుసార్లు బొంగురుపోయింది. సార్ పేరు మీద ఏటా ఒక టోర్నమెంటు, వెండి కప్పు, దానికి పాత విద్యార్థులు విరాళాలు ఇవ్వాలని, వచ్చే జట్లు ఎంట్రీ ఫీజు కట్టాలని ప్రకటించారు. ఆ ఎంట్రీ ఫీజు విన్నాక అర్థమైంది, మా కాలేజీలాంటి కాలేజీకి అందులో ఆడే స్తోమత ఉండదని.

నా పక్కన ఇప్పటి కెప్టెన్ కూర్చుని ఉంది. వాళ్ళమ్మ నర్సు, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఆసుపత్రిలో చేస్తుంది. ఆ పిల్ల నా చెవి దగ్గరికి వంగి, ఈ ఏడాది జట్టు లేదంటున్నారక్కా, పోటీలకు పేర్లు పంపడానికి ఈ వారమే ఆఖరు అంది. ఎందుకట అంటే, సార్ లేరు కదా, ఇక ఖర్చులెవరు చూస్తారన్నారట. తర్వాత అది అడిగిన మాట నేను బతికినంత కాలం మర్చిపోను.

"ఆ ఛత్రం కాంట్రాక్టర్ నంబర్ మీ దగ్గర ఉంటే ఇవ్వండక్కా. మేమే మాట్లాడుకుంటాం."

నేను లేచి నిలబడ్డాను. చైర్మన్ గారు ఇంకా మైకు దగ్గరే ఉన్నారు.

"సార్, రసీదులో స్పోర్ట్స్ ఫీజని ఉండాది గదా. అది యాడికి పోతా ఉండాది?"

ప్రిన్సిపాల్ గారు తల వంచుకున్నారు. చైర్మన్ గారు చాలా మెత్తగా, సంతాప సభలో ఇవన్నీ ఎందుకమ్మా, ఆయన ఆత్మకు శాంతి కలగనివ్వండి అన్నారు. కొందరు నన్ను కూర్చోమని చెయ్యి ఊపారు. నేను కూర్చోబోతుండగా ముందు వరుసలో సార్ భార్య లేచింది. కార్యక్రమం మొత్తంలో ఆమెను ఎవరూ మాట్లాడమని అడగలేదు. ఆమెకు మైకు కూడా అందలేదు.

"మా ఆయన ఈ మాట ఎప్పుడూ అడగలేదప్పా. ఆ పాప అడగతా ఉండాది. బదులు చెప్పండి."

చైర్మన్ గారు తన కాగితాలు సర్దుకున్నారు. ఇవి లెక్కల విషయాలని, రేపు ఆఫీసుకు వచ్చి మాట్లాడుకోవచ్చని చెప్పి సభ ముగించారు. ఆ మాట మర్యాదకు అన్నారని పెద్దవాళ్ళందరికీ అర్థమైంది. జట్టు పిల్లలకు అర్థం కాలేదు, లేదా అర్థం కానట్టు ఊరుకున్నారు.

మర్నాడు నేను బడికి సెలవు పెట్టి వెళ్ళేసరికి వాళ్ళు అప్పటికే వచ్చి ఉన్నారు. జెర్సీలు వేసుకుని, అకౌంట్స్ ఆఫీసు ముందు వరండాలో ఈ గోడ నుంచి ఆ తలుపు దాకా ఖోఖో వరుసలో కూర్చున్నారు. ఒకరు ఎడమ గోడ వైపు, పక్కవారు కుడి గోడ వైపు తిరిగి, మడమలు లేపి, వేళ్ళు నేల మీద ఆనించి, వీపున చెయ్యి పడగానే లేచి ఉరకడానికి సిద్ధంగా. కెప్టెన్ వరుస కొసన నిలబడి ఉంది. తాళాల గుత్తితో వచ్చిన గుమాస్తా తలుపు దాకా వెళ్ళడానికి దారి లేక ఆగిపోయాడు. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు, ఎవరి చేతిలోనూ అట్టముక్కలు లేవు. అందరూ తలలెత్తి అతని ముఖం వైపే చూస్తున్నారు.