దేముడమ్మ ముక్కు

హుకుంపేట సంతకి మూడు కొండలు ఎగువన పద్దెనిమిది గడపల ఊరు. పసుపు వండే రోజుల్లో ఆ ఊళ్లో దేముడమ్మ రాకుండా ఎవరూ పొయ్యి ఆర్పేవారు కాదు. కాగులో కొమ్ములు ఉడుకుతుంటే ఆవిరికి మొహం ఒగ్గి ఒక్కసారి పీల్చేది. "ఇంకొక పొంగు" అనేది, లేదంటే "దించెయ్యండి" అనేది. తక్కువ ఉడికితే కొమ్ము సరిగా ఎండదు, ఎక్కువైతే రంగు పోతుంది. ఆ రెంటికీ మధ్యనున్న ఘడియ ఆవిడ ముక్కుకే తెలుసు.

తొంభై తొమ్మిదిలో, వాళ్ల కాఫీ మొక్కలు తొలి కాపుకొచ్చిన ఏడు, ఆ ముక్కు మూసుకోవడం మొదలైంది. జలుబు అనుకున్నారు. ఆ జలుబు రెండు వానాకాలాలు దాటింది. లోపల కండ పెరిగింది. వాసన పోయింది. పడుకుంటే ఊపిరాడక గోడకి చేరగిలబడి కూర్చునే నిద్రపోయేది. ఒక ఏడు మూడిళ్ల పసుపు నల్లబడింది. ఆ మరుసటేడు ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. ఎవరూ మాట అనలేదు కూడా. కబురు రాలేదు, అంతే. ఆ రోజంతా ఆవిడ ఇంటి ముందు కూర్చుని సామలు చెరుగుతూ ఉండిపోయింది. కూతురు చిన్నమ్మి అది చూసింది.

ఆ ఊళ్లో తిథులు చూసేదీ, వేరుమందులిచ్చేదీ దిసారి. ఆయన ముక్కులో పోసే పసరు ఇచ్చాడు. వారం పోయాక గుమ్మంలోకొచ్చి ఎలా ఉందని అడిగాడు. బాగుందంది దేముడమ్మ. కొండమీద ఎవరైనా అంతే అంటారు. మందిచ్చినవాడి మొహమ్మీద తగ్గలేదంటే మందు అలుగుతుంది. అయినా చెప్పాల్సిన పనేముంది? దిసారి ఊళ్లోవాడే. రోజూ చూస్తాడు. కూర్చుని నిద్రపోయే మనిషిని చూశాక తనే రెండో వేరు తవ్వి తెచ్చాడు, తర్వాత మూడోది. ఏదీ పనిచెయ్యలేదు.

రెండువేల ఎనిమిదిలో తెల్లకార్డు ఉన్నవాళ్లకి సర్కారే ఆపరేషన్లు చేయిస్తుందని చెప్పారు. సంతలో క్యాంపు పెట్టారు. దేముడమ్మ ముక్కులోకి లైటు వేసి చూసి పట్నం పంపించారు. అదే వరసలో రమణమ్మ కూడా ఉంది. కింద చోడవరం వైపు నుంచి వచ్చి సంతలో కిరాణా కొట్టు నడుపుతున్న సావుకారమ్మ. ఆవిడకీ అదే కండ, అదే తెల్లకార్డు. ఇద్దరూ ఒకే బస్సులో వెళ్లారు. ఇద్దరికీ ఒకే పిచికారీ, ఒకే బిళ్లలు ఇచ్చి నెల పోయాక రమ్మన్నారు. మందుకి లొంగకపోతే స్కాన్ తీసి, అనుమతికి కాయితాలు పంపుతారట.

నెల పోయాక తల్లితో చిన్నమ్మి వెళ్లింది. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివిన పిల్ల, పట్నం తెలుగు వచ్చు. గది నిండా జనం. డాక్టరు చీటీ మీంచి తలెత్తకుండా అడిగాడు.

"ఎలా ఉందమ్మా?"

"బాగుంది బాబూ."

ఆయన రాసుకున్నాడు. చిన్నమ్మికి తెలుసు, ముందు రోజు కూడా అమ్మ గోడకి ఆనుకునే నిద్రపోయిందని. చెప్దామని నోరు తెరిచింది. అమ్మ అన్న మాటని, మందిచ్చిన మనిషి ఎదట, అబద్ధం చెయ్యాలి. నోరు మూసుకుంది. ఆ మందులే మరో మూడు నెలలు వాడమన్నారు. మూడు నెలలయ్యాక మళ్లీ వెళ్లారు. ఈసారి వేరే డాక్టరు, అదే ప్రశ్న, అదే జవాబు.

ఈలోగా రమణమ్మకి ఆపరేషన్ అయిపోయింది. సంతలో దేముడమ్మని కొట్టు ముందు కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

"ఒలే, నువ్వు డాట్రుకి ఏటి సెప్పినావు?"

"బాగుందన్నాను, సావుకారమ్మా."

"బాగుంటే కోత్తాడేటే? నేను సచ్చిపోతన్నాను బాబూ అని ఆడి బల్ల మీద తలెట్టి ఏడిసినాను. ముక్కు మూసుకుపోతే నీకు నోరు కూడా మూసుకుపోయినాదేటి?"

దేముడమ్మ నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. పరాయి మనిషి బల్ల మీద తలపెట్టి ఏడవడం ఎలాగో ఆవిడకి అర్థం కాలేదని ఇంటికొచ్చే దారిలో చిన్నమ్మికి తెలిసింది.

మూడోసారి బస్సులో చిన్నమ్మి తల్లికి మాట నేర్పింది. తగ్గలేదు అను, అంతే చాలు అంది. గదిలోకి వెళ్లాక దేముడమ్మ నేలకేసి చూస్తూ ఆ మాట అంది. ఎంత మెల్లగా అందంటే, చిన్నమ్మి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. డాక్టరు పాత చీటీలు తిరగేశాడు. రెండుసార్లు గుణం కనబడిందని ఉంది. ఈ రాతతో పంపితే అనుమతి రాదన్నాడు. ఆయన మాటలో కసురు లేదు. మళ్లీ మూడు నెలలు మందులు వాడి, తగ్గలేదని రాయించుకుంటేనే దారి అన్నాడు. బయట కాయితాలు చూసే గుమస్తా, మీ కొండోళ్లకి డేటిస్తే రారు, వస్తే చెప్పరు అన్నాడు. రమణమ్మని ఇక్కడి డాక్టర్లు ఎన్ని ప్రశ్నలు అడిగారో చిన్నమ్మికి తెలీదు. అమ్మని ఒక్కటే అడిగారు.

మందులు నెల తిరక్కుండానే అయిపోయాయి. ఆ పిచికారీ మండలం ఆసుపత్రిలో లేదు. ఆషాఢంలో దేముడమ్మకి జ్వరం తగిలింది. రెండో రోజు ఎడమ కన్ను వాచి మూతపడింది. మూడో రోజు మాట తడబడింది. డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు, అక్కణ్ణుంచి జీపు. పట్నం చేరేసరికి తెల్లారింది. ముక్కులో చీము పైకి, మెదడులోకి ఎక్కిందన్నారు. పదిన్నరకి ప్రాణం పోయింది.

డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కాయితం పట్టుకుని వరండాలోకి వచ్చాడు. ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా ఇది, అని అడిగాడు.

చిన్నమ్మి చెప్పింది. కాగుల దగ్గర నుంచి మొదలుపెట్టింది. గోడకి ఆనుకున్న నిద్ర గురించి, తగ్గించని బిళ్లల గురించి, తను తెరిచి మూసుకున్న నోటి గురించి, ఒక్క మాట వదలకుండా చెప్పింది. తనకే వింతగా అనిపించింది. అతను కుర్చీ లాక్కుని కూర్చుని చివరిదాకా విన్నాడు. విన్నాక కాయితం మీద "తొమ్మిదేళ్లుగా" అని రాసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు.

పెట్టింది. కలం తిరిగిచ్చేసి, ఊరికి బండి ఎవరిస్తారని అడిగింది.