పోగు కనిపించేది... బాపు కనిపించేవాడు కాదు

మా చిన్నప్పుడు... అంటే నవ్వకండి, మరీ పాతకాలమేం కాదు. లాక్‌డౌన్ సడలించిన కొత్తలో, నేను ఏడో తరగతి. సూరత్‌లో మేముండే లింబాయత్ గల్లీ చివర, పాలకొట్టు ముందు సున్నంతో గుండ్రాలు గీసి ఉండేవి. ఒక్కో గుండ్రంలో ఒక్కో మనిషి... అందరి మూతులకూ మాస్కులే.

బాపు, అంటే మా నాన్న, నన్ను ఒక గుండ్రంలో నిలబెట్టి, ఉప్పు తెస్తానని ఎదురు కొట్టుకు వెళ్లాడు. నేను పాల ప్యాకెట్లు తీసుకుని వెనక్కి తిరిగాను. కాస్త దూరంలో బాపు వేసుకున్నలాంటి నీలం చొక్కా కనిపించింది. గబగబా వెళ్లి చెయ్యి పట్టుకుని "బాపూ, పోదాం పా" అన్నాను.

ఆ మనిషి షాక్ కొట్టినట్టు చెయ్యి విదిలించుకుని "అరే, దూర్ హటో!" అని అరిచాడు. బాపు కాదు... ఎవరో. పరాయి మనిషిని ముట్టుకోవడం అంటే ఆ రోజుల్లో ఏమిటో మీకు తెలియనిది కాదు. లైన్లో వాళ్లంతా కరోనాకు కాళ్లొచ్చినట్టు నన్నే చూశారు.

అసలు బాపు రోడ్డవతల నుంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడట... నాకు కనిపిస్తేగా!

"కండ్లు నెత్తికెక్కినయా ఏంది?" అని దారంతా తిట్టాడు.

"దూరమున్నోళ్లు నాకు కనవడ్తలేరు బాపూ..."

"అందరు మాస్కులు పెట్టుకున్నంక ఎవలు మాత్రం కనవడ్తరు బిడ్డా!"

ఇంటికి రాగానే నా చూపు పరీక్షించాడు. మాది కరీంనగర్ వైపు. బాపు ఇక్కడ సాంచాలు నడిపేవాడు... మరమగ్గాలను మావాళ్లు అలాగే అంటారు. ఒక బట్ట ముక్క నా ముందు పరిచి, "గిండ్ల తెగిన పోగు ఏడుందో చూపెట్టు" అన్నాడు. రెప్పపాటులో వేలు పెట్టి చూపించాను. "డేగ కండ్లు నా బిడ్డయి!" అని మురిసిపోయాడు.

మా వాళ్ల లెక్క అంతే. సాంచా మనిషికి వయసు మీద పడితే ముందు దగ్గరున్న పోగే మసకబారుతుంది. పని పోయేది దానితోనే. కాబట్టి పోగు కనిపించినంత కాలం కళ్లు దివ్యంగా ఉన్నట్టే... దూరం సంగతి ఎవడికి కావాలి?

నాకు మాత్రం లోపల గుబులు పట్టుకుంది. ఆన్‌లైన్ క్లాసుల కోసం ఫోన్ పట్టుకుంటే చాలు, "చూసి చూసి కండ్లు పోతయ్ నీకు" అని అమ్మ రోజూ తిట్టేది. అమ్మ నోటి మాట నిజమైపోతోంది, నేను గుడ్డిదాన్నయిపోతున్నాను అనుకున్నాను. ఎందుకైనా మంచిదని, కళ్లు మూసుకుని గోడ పట్టుకుని నీళ్ల బిందె దాకా నడవడం నేర్చుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది... అప్పుడు మాత్రం ఏడుస్తూనే నడిచాను.

ఒక సాయంత్రం డాబా మీద అమ్మ బట్టలు తీస్తూ, "ఎదురు డాబా మీద పెద్దమ్మ ఉన్నదా చూడు, జర కొత్తిమీర అడుగుదాం" అంది.

"ఉన్నది, ఇటే చూస్తున్నది" అని చెయ్యి కూడా ఊపాను.

అక్కడ ఉన్నది పెద్దమ్మ కాదు... దండెం మీద ఆరేసిన ఆవిడ నైటీ. అమ్మ నవ్వలేదు. బట్టలు అక్కడే వదిలేసి కిందికి దిగి, రాత్రి షిఫ్టుకని పడుకున్న బాపును లేపి మరీ చెప్పింది. "నీ పోగు సంగతి తర్వాత. పిల్లను కండ్లద్దాల దుకాణానికి తోల్కపో."

దుకాణంలో ఒక గుజరాతీ కాకా. మొహానికి ప్లాస్టిక్ తెర కట్టుకుని ఉన్నాడు. బరువైన ఇనుప ఫ్రేమును శానిటైజర్‌తో తుడిచి నా ముక్కు మీద పెట్టి, అందులో అద్దాలు వేశాడు. అంతే... లోకమంతా తెల్లగా అయిపోయింది.

"బాపూ! మొత్తం పోయినయ్!" అని కేక పెట్టాను. బాపు చేతిలో సంచి కింద పడిపోయింది.

కాకా మాత్రం తాపీగా నా మాస్కు పైఅంచు ముక్కుకు అదిమి, అద్దాలు తుడిచి మళ్లీ పెట్టాడు. "సాఁస్ కీ భాప్ హై, బేటా." నా ఊపిరి ఆవిరేనట! చూద్దును కదా, గోడ మీద అక్షరాలు నల్లగా, నిటారుగా నిలబడి ఉన్నాయి.

బాపు తనకొచ్చిన హిందీలో, నా కళ్లు పోతాయా అని అడిగాడు. "కాకా, ఇస్కా ఆంఖ్ జాతా క్యా?"

"నహీఁ రే భాయ్! నంబర్ ఆయా హై, బస్."

నంబర్ అంటే అద్దాల పవర్. దగ్గరి చూపు బ్రహ్మాండంగా ఉందట, దూరానికే అద్దాలు కావాలట... అంతే! ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అన్నాళ్లూ గుండె మీద కూర్చున్న బండ దిగిపోయింది. బాపు దుకాణం మెట్టు మీద కూలబడి, మాస్కు కిందికి లాగి నీళ్లు గటగటా తాగాడు.

ఇక ఫ్రేముల ఎంపిక. బాపు ఒక్కోదాన్నీ బట్ట చూసినట్టే వెలుతురుకు పెట్టి చూసి, వంచి, లాగి, "జర మజ్బూత్‌ది తీసుకో" అని లావాటి నల్లది చూపించాడు. నాకు ఎర్రది కావాలి. మామూలు రోజైతే గెలిచేవాడే... ఆ రోజు నా మాట కాదనలేకపోయాడు.

తయారయ్యాక తీసుకోవడానికి వెళ్తే, లోపలికి ఒక్కరినే రానిచ్చారు. బాపు రోడ్డవతల నిలబడ్డాడు. అద్దాలు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాను.

"కనవడ్తున్ననా?" అని అక్కడి నుంచే అరిచాడు.

"కనవడ్తున్నవ్ బాపూ! నీ కనుబొమ్మల్ల తెల్ల ఎంటికలు గూడ!"

రోడ్డంతా విన్నది. మాస్కు వెనక నవ్వితే కళ్లు ఎలా ముడుచుకుంటాయో ఆ రోజే మొదటిసారి చూశాను. ఆ కళ్లు తడిగా ఉండటం కూడా అంత దూరం నుంచే కనిపించింది.

కాకా మెత్తటి నూలు గుడ్డతోనే తుడవమన్నాడు. తమాషా ఏమిటంటే... బట్టల ఊళ్లో, బట్ట నేసే మా ఇంట్లో నూలు గుడ్డ పీలిక దొరకలేదు! బాపు నేసేది పాలిస్టరే, అమ్మ కూలికి దారాలు కత్తిరించే చీరలూ పాలిస్టరే, నా గౌనూ అదే. దానితో రుద్దితే మరక ఇంకా అలుక్కుపోయేది. చివరికి అమ్మ తన పెళ్లినాటి నూలు దుప్పటి అంచు చింపి ఇచ్చింది.

ఇప్పుడు మా గల్లీలో చిన్నపిల్లలకు నంబర్ వచ్చినా ఎవరూ కంగారుపడరు. ఫోన్‌లోనే ఫ్రేము చూసుకుంటారు, డ్రెస్సుకో జత... మంచిదే, ఆ భయం ఏ పిల్లకూ వద్దు. కానీ పోయిందనుకున్న చూపు తిరిగొచ్చినప్పటి ఆ సంబరం కూడా వీళ్లకు తెలియకుండానే పోతోంది కదా అనిపిస్తుంది.

మీరూ అద్దాలవాళ్లేనా? అయితే చెప్పండి... మొట్టమొదట పెట్టుకుని తలెత్తినప్పుడు, మీకు స్పష్టంగా కనిపించిన ఆ మొహం ఎవరిది?